గడిలో ఒంటరితనము: 'దాసి' చిత్రమును గూర్చి కొంత పరిశీలనము

సుభద్రకు పుట్టినింటివారు పంపిన అరణమును మహాభారతము మిక్కిలి వైభవముగా వర్ణించినది. బంగారము, గుర్రములు, ఏనుగులు, పాడియావులు, వానితోపాటు వేయిమంది పరిచారికలు. సంస్కృత మూలమున ఆ పరిచారికల సంఖ్యయు, సొగసును, సేవానైపుణ్యమును చెప్పబడినవి. అటుపై కథ ముందునకు సాగిపోయినది. ఆ వేయిమందిలో ఒక్కతె యేయూరిదో, ఎవరిని విడిచి వచ్చినదో, కొత్తయింట మొదటి రాత్రి ఎవరితో మాటలాడినదో కావ్యమునకు అక్కరలేకపోయినది. మేము దీనిని దోషముగా ఎంచుట లేదు. కావ్యమునకు నాయిక సుభద్ర. కాని అరణపు పట్టికలో నిలిచిపోయిన ఆ పరిచారికను బయటికి పిలిచి, ఆమెనే నాయికను జేసి, ఆమె దినచర్యనే కథగా నడిపిన తెలుగు కృతి యొకటి మన కాలమున వెలసినది. అది గ్రంథము కాదు, చలనచిత్రము. బి. నరసింగరావు దర్శకత్వమున 1988లో రూపొందిన 'దాసి'.

తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో చలనచిత్ర ప్రసక్తి యేల యని శంకించు పెద్దలు కలరు. నాటకమును దృశ్యకావ్యముగా అంగీకరించిన సంప్రదాయమునకు వారసులమైన మనకు ఈ శంక పొసగదు. పైగా ఈ చిత్రమున ప్రతిపాదింపబడిన వస్తువు, మనుష్యులనడుమ మనుష్యుడు ఒంటరి యగుట, తెలుగు వచన సాహిత్యమున ఇంత నిండుగా పండిన సందర్భములు మాకు ఎక్కువగా కనబడలేదు.

ముందుగా గడి యన నేమో, ఆడబాప యన నెవ్వరో చెప్పవలసియున్నది. ఓరుగల్లు ప్రాంతపు విద్యార్థులలోను గడిని శిథిలమైన కోటగోడగా మాత్రమే ఎరిగినవారు నేడు పలువురు. నైజాం రాజ్యమున దేశ్‌ముఖులు, జాగీర్దారులు, మక్తాదారులు గ్రామములపై అధికారము నెరపిన దినములలో వారి నివాసము గడి. ఎత్తయిన ప్రాకారము, పెద్ద దర్వాజ, లోపల వాకిళ్ళు, అర్రలు, కొట్టములు, ధాన్యపు గాదెలు. అది ఇల్లును, కచేరియు, చెరసాలయు ఒక్కటిగా నుండిన కట్టడము. ఊరిలోని వృత్తులవారందరును ఆ గడికి వెట్టి చేయవలసినవారే. చాకలి బట్టలుతుకును, కుమ్మరి కుండలిచ్చును, మాదిగ చెప్పులు కుట్టి యిచ్చును. సాయంకాలమునకు వారు తమ గుడిసెలకు మరలుదురు. ఆడబాపకు మాత్రము మరలిపోవు చోటు లేదు. పెండ్లికూతురితోపాటు అత్తవారింటికి అరణముగా పంపబడు బాలిక ఆమె. దొరసానికి సేవచేయుటయు, దొరకును దొర యింటికి వచ్చిన అతిథులకును దేహమర్పించుటయు ఆమె విధులు. ఆమెకు పెండ్లి లేదు. సంతానము కలిగినను ఆ సంతానమునకు తండ్రి పేరు లేదు. దాశరథి రంగాచార్యులు తమ 'చిల్లర దేవుళ్ళు' నవల(1969)యందు ఈ ఆడబాపల బ్రదుకును చిత్రించి తెలుగు పాఠకలోకమునకు ఎరుకపరచిరి. వెట్టిని గూర్చి వ్రాసినవారు పలువురు కలరు గాని, వెట్టిలో రేయింబవళ్ళు తెరపిలేని ఈ భాగమును గూర్చి వ్రాసినవారు కొలదిమందియే.

'దాసి' చిత్రమున కథ మిక్కిలి స్వల్పము. ఇరువదవ శతాబ్ది మూడవ దశకము. తెలంగాణములోని ఒక గడి. అందు దొర, దొరసాని, కమలాక్షి యను దాసి. ఆమె చేయు చాకిరి, దొర కోర్కెకు లోబడుట, గర్భము ధరించుట, ఆ గర్భమును గడి నిలువనీయకపోవుట. ఇంతియే కథ. రెండు వాక్యములలో ముగియు ఈ కథను దర్శకుడు పూర్తి చిత్రముగా విస్తరించుటకు ఉపకథలను కల్పింపలేదు, పాటలను చేర్పలేదు. గడియొక్క దినమును, రాత్రిని, వెలుగును, నీడను, చప్పుళ్ళను, వానినడుమ నిశ్శబ్దమును పరచినాడు. ఆ పరచుటలోనే చిత్రపు అర్థమున్నదని మా అభిప్రాయము.

ఆ యర్థమును పట్టుకొనుటకు మనకు రెండు తెలుగు మాటలు సాయపడును: పిలుపు, పలుకు. కమలాక్షి పిలుపుల నడుమ జీవించును. నీళ్ళకు పిలుపు, వంటకు పిలుపు, అతిథికి పిలుపు, రాత్రి మరియొక పిలుపు. ఆమె పేరు గడిలో వినబడని జాము లేదు. ఇంతగా పిలువబడు మనిషికి పలుకు దొరకదు. పిలుచువారు ఆమె జవాబును కోరరు, ఆమె రాకను కోరుదురు. వచ్చినపిమ్మట ఆమె చేతులతో వారికి పని, దేహముతో పని. నోటితో పని లేదు. ఒంటరితనమును తలచినపుడు మనకు సాధారణముగా తోచునది జనశూన్యమైన చోటు. 'దాసి'లోని ఒంటరితనము అట్టిది కాదు. ఆమెకు ఒంటరిగా నుండుటకు క్షణము చిక్కదు. తనకై తాను ఏడ్చుకొనుటకు కావలసిన ఏకాంతమును సైతము గడి ఆమెకు మిగిల్పలేదు. ఏకాంతము లేమియే ఆమె ఒంటరితనమునకు హేతువు. ఈ విషయమును చిత్రము ఎవరి నోటను పలికింపదు. చూచువాడే మెల్లగా కనుగొనవలెను.

ఇట్టి పిలుపులను వినిపించిన చిత్రము మన దేశమున మరియొకటి కలదు. అడూర్ గోపాలకృష్ణన్ మలయాళమున తీసిన 'ఎలిప్పత్తాయం'(1981)లో ఉణ్ణి యను గృహయజమాని తన చెల్లెలు రాజమ్మను చీటికిమాటికి పిలుచుచుండును. ఆమె సేవ చేసి చేసి రోగగ్రస్తయై పడిపోవును. అయినను అక్కడ కెమెరా ఎక్కువగా అంటిపెట్టుకొనియుండునది ఉణ్ణినే. ఎలుకబోనులో చిక్కినట్లు తన యింటిలో తానే చిక్కిన యజమాని ఒంటరితనము ఆ చిత్రమునకు ప్రాణము. నరసింగరావు ఆ వరుసను తిరుగవేసి పిలువబడిన మనిషివైపున నిలిచినాడు. ఈ రెండు చిత్రములను ఒకటి వెంట ఒకటి చూచుట మేలు.

ఇక దొరసాని సంగతి. ఆమెయు గడి దాటి పోజాలదు. ఆ తరగతి స్త్రీలకు ఘోషా గౌరవచిహ్నము. ప్రాకారము దాసికెంత ఎత్తో దొరసానికిని అంతే ఎత్తు. భర్త ఎవరి యొద్దకు పోవుచున్నాడో ఆమె ఎరుగకపోలేదు. ఒకే కప్పుక్రింద, ఒకే పురుషుని మూలమున దుఃఖించు ఇద్దరు స్త్రీలు ఒండొరులతో రెండు మాటలు పలుకుకొనిన చాలును, గడిలోని గాలి మారును. అది జరుగదు. దొరసాని చేతిలో నున్న ఒకే ఒక అధికారము దాసిపై చెల్లుబాటగు అధికారము. దానిని విడిచినచో ఆమెకు మిగులునది ఏదియు లేదు. కావున ఆమె తన దుఃఖమును కోపముగా మార్చి క్రిందికి పంపును. గడి యను వ్యవస్థ దొర క్రూరత్వముపై మాత్రమే నిలిచినది కాదనియు, దుఃఖితులు ఒకరికొకరు చేరువ కాకుండ వారిని మెట్లు మెట్లుగా అమర్చుటపై నిలిచినదనియు ఈ ఇద్దరు స్త్రీల మూలమున మనకు బోధపడును. దొరసాని పాత్రను కేవలము గయ్యాళిగా చూచి తృప్తిపడిన సమీక్షకులు చిత్రములో సగము వదలుకొనిరని చెప్పక తప్పదు.

ఇచ్చట విరాటపర్వము తలపునకు రాకమానదు. మనుమసిద్ధి పనిమీద తిక్కన సోమయాజి ఓరుగంటికి వచ్చి గణపతిదేవుని దర్శించెనను ఐతిహ్యము ఈ నగరమున నేటికిని చెప్పుకొనబడుచున్నది. ఆ కవి తెనిగించిన విరాటపర్వమున ద్రౌపది సైరంధ్రియై సుధేష్ణ కొలువున చేరినది. రాణి అంతఃపురము, పరిచారిక, ఆమెను కోరిన బలవంతుడు, కల్లు తెమ్మను నెపమున పరిచారికను అతని యింటికి పంపిన రాణి. పాత్రల అమరికలో గడికిని ఈ అంతఃపురమునకును పోలిక స్పష్టము. భేదమును గమనింపుడు. సైరంధ్రి కొలువులో చేరునపుడే ఎంగిలి ముట్టననియు, కాళ్ళు కడుగననియు నియమములు చెప్పినది. కమలాక్షికి నియమము చెప్పు నోరు లేదు. సైరంధ్రికి అజ్ఞాతవాసము ఒక్క యేడు. కమలాక్షికి గడువు లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, కీచకుని చేత అవమానితయైన రాత్రి సైరంధ్రి వంటశాలకు పోయి నిద్రించుచున్న భీముని లేపినది. విరాటుని కొలువున ఆమె ఎంత దీనయైనను, చీకటిలో నడచిపోయి తన దుఃఖమును వినిపించుటకు ఒక మనిషి కలడు. కీచకవధకంటె ముందుగా ఆమెకు లభించిన ఊరట ఆ వినికిడియే. 'దాసి' చిత్రమున అట్టి వంటశాల లేదు. చీకటి పడినపిమ్మట కమలాక్షి నడచు త్రోవ దొర పడకటింటికి మాత్రమే.

చిత్రము మందగతిని సాగుచున్నదని ఆక్షేపించినవారు కలరు. ఈ యాక్షేపమును త్రోసిపుచ్చుటకంటె పరిశీలించుట ఉచితము. చాకిరిని తెరపై చూపుటకు రెండు మార్గములు కలవు. చీపురు పట్టిన చేతిని ఒక నిమిషము చూపి ఆమె దినమంతయు ఊడ్చినదని సూచించుట మొదటిది. వాణిజ్యచిత్రముల మార్గమిది, ఇందు ప్రేక్షకునికి శ్రమ తెలియును గాని తగులదు. పని పట్టినంత కాలమును ప్రేక్షకుని మీదను మోపుట రెండవది. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ దీల్మాన్' చిత్రము ఒక గృహిణి మూడు దినముల యింటిపనిని మూడు గంటలకు పైబడి చూపినది. ఉర్లగడ్డల పొట్టు తీయుటయు అందు సన్నివేశమే. 'దాసి' అంతదూరము పోలేదు గాని అదే త్రోవలోనిది. మందగతి ఇచ్చట దర్శకుని అశక్తతకు గురుతు కాదు, గడిలో కాలము నడచు తీరు. దొరకు ప్రొద్దు గడవదు. దాసికి ప్రొద్దు చాలదు. ఒకే గడియారము ఇద్దరికి రెండు విధముల నడచుటను త్వరితగతిలో చూపుట సాధ్యము కాదు. అయితే మధ్యభాగమున ఒకటి రెండు చోట్ల చిత్రము దృశ్యపు సొంపునకు తానే లొంగి నిలిచిపోయినట్లు మాకు తోచినది. చిత్రకారుడైన దర్శకునికి ఇది సహజమైన ప్రలోభము.

నరసింగరావు 1946లో మెదకు సీమలోని ప్రజ్ఞాపురమున జన్మించినవాడు, చిత్రలేఖనము అభ్యసించినవాడు. ఆయనకు తోడుపడినవారి ఎంపికయు గమనింపదగినది. కళాదర్శకుడు తోట వైకుంఠం. బూరుగుపల్లినుండి వచ్చిన ఈ చిత్రకారుని పటములలో తెలంగాణపు స్త్రీలు పెద్ద బొట్లతో, ఎరుపు పసుపు చీరలతో పటమంతయు తామే నిండి నిలుతురు. గడిని కల్పించిన చేయి అదే. పటములో చోటంతయు ఆక్రమించిన ఆ స్త్రీకి గడిలో నిలుచుటకు చోటు లేకపోవుట ఎట్టిదో ఆయనకంటె బాగుగ నెరుగువారుండరు. ఛాయాగ్రాహకుడు ఒడియా దేశీయుడైన అపూర్వ కిశోర్ బీర్. అవతార్ కృష్ణ కౌల్ తీసిన '27 డౌన్'(1974) చిత్రమున రైలుబండ్ల యందును ప్లాట్‌ఫారములయందును క్రిక్కిరిసిన జనుల నడుమ ఒక టిక్కెట్టు కలెక్టరు ఒంటరితనమును నలుపు తెలుపులలో పట్టి చూపినవాడీయనయే. గుంపులోని ఏకాకిని చిత్రించుట ఆయన చేతికి అలవడిన విద్య. ఉడుపులను రూపొందించినవాడు సుదర్శన్. ఈ మువ్వురికిని, కమలాక్షిగా నటించిన అర్చనకును, ఉత్తమ తెలుగు చిత్రముగా 'దాసి'కిని, మొత్తము అయిదు జాతీయ పురస్కారములు 36వ ప్రదానమున లభించినవి. తెలుగు చిత్రములకు ఇట్టి గౌరవము అరుదు. పురస్కారములను లెక్కించి సంతోషించిన మనము చిత్రమును చూచితిమా యన్నది వేరు ప్రశ్న.

అర్చనను గూర్చి ఒక్కమాట. అంతకు ముందటి యేడే బాలు మహేంద్ర తమిళమున తీసిన 'వీడు' చిత్రమునకు ఆమె ఉత్తమ నటిగా జాతీయ పురస్కారమందినది. 'వీడు' అనగా ఇల్లు. మద్రాసులో సొంతయిల్లు కట్టుకొనుటకు పాట్లుపడు ఉద్యోగిని పాత్ర అది. వెంటవెంటనే ఒకే నటి, కట్టుకొనుటకు ఇల్లు చాలక నలిగిన స్త్రీగాను, ఇతరుల యిల్లే లోకమై నలిగిన స్త్రీగాను కనిపించుట యాదృచ్ఛికమే కావచ్చును. మొదటిదానిలో ఆమె వాదించును, లెక్కలు వేయును, అప్పు అడుగును. రెండవదానిలో ఆమెకు సంభాషణ అత్యల్పము. భరతముని చెప్పిన సాత్త్వికాభినయము ఇట్టిచోటనే పరీక్షకు నిలుచును. విలపించుట తేలిక, విలాపమునకు వేళ దొరకని మనిషిని అభినయించుట కష్టము.

మరియొక ఆక్షేపము దీనికంటె బరువైనది. కమలాక్షి తిరుగబడదు. ఈ గడ్డ తిరుగబడిన గడ్డ. విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల తుపాకికి కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది 1946 జూలై 4న. అదే దేశ్‌ముఖునితో పాలకుర్తి చాకలి ఐలమ్మ తన చేనికై పోరాడి నిలిచినది. ఇట్టి చరిత్ర గల చోట నోరెత్తని దాసిని నాయికగా నిలుపుట తగునా యని అడుగువారి ఆవేదన మాకు అర్థమగుచున్నది. శ్యాం బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' సరిగా ఇదే సీమ కథ. అందును భూస్వామి కుమారుని వలన పనిమనిషి లక్ష్మి గర్భవతి యగును. తీయించుకొమ్మని అతడు కోరగా ఆమె నిరాకరించును. కడపట ఒక బాలుడు ఆ యింటి కిటికీ అద్దముపై రాయి రువ్వును. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొనును. 'దాసి' ఆ ఊపిరిని మనకు ఇవ్వదు.

ఇవ్వజాలక కాదు. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 'మా భూమి'ని నిర్మించి, పల్లెలు తిరుగబడిన గాథను తెలుగువారికి చూపినది ఈ నరసింగరావే. తిరుగుబాటును తీసినవాడు తొమ్మిదేండ్లకు దానికి ముందరి కాలమునకు మరలిపోయినాడు. ఈ మరలుటకు కారణము మేము ఇట్లు ఊహించుచున్నాము. తిరుగుబాటునకు ఇద్దరు కావలెను. ఒకరు చెప్పవలెను, మరియొకరు వినవలెను. సంఘము అను పేరుతో తెలంగాణపు పల్లెలలో మొదట ఏర్పడినది ఆయుధబలము కాదు, రచ్చకట్టకడ ఒకరి బాధ మరియొకరు వినుట. ఆంధ్రమహాసభ నడిపిన గ్రంథాలయములు, సభలు, పాటలు అన్నియు ఆ వినికిడికి ఏర్పడిన చోట్లు. 1920ల గడిలో, గోడకీవల, ఆడబాపకు ఆ చోటు ఇంకను రాలేదు. చాకలికి చాకలివాడ కలదు, కుమ్మరికి కుమ్మరివాడ కలదు. ఆడబాపకు వాడ లేదు. ఆమె మౌనమును పిరికితనముగా చదువువారు ఈ వాడలేనితనమును మరచుచున్నారు. దర్శకుడు చరిత్రకు మించిన ధైర్యమును ఆమెకు అరువిచ్చియున్నచో, కొమరయ్యకును ఐలమ్మకును పల్లె తోడైన సంగతి విలువ తగ్గియుండెడిది.

కమలాక్షి గర్భము చిత్రమున ఈ దృష్టితో చూడవలసిన ఘట్టము. ఆ యింటిలో ఆమెకు పని చెప్పని ప్రాణి, ఆమెను పిలువని ప్రాణి, పిలిచినను 'అమ్మా' అని పిలువదగిన ప్రాణి అది యొక్కటియే. పిలుపే పలుకగు అవకాశము ఆమెకు జీవితమున ఒకే పర్యాయము కడుపులో మెదలినది. దొర వంశమునకు అది కళంకము, దొరసానికి అవమానము. ఆమెకు మాత్రము వాడ. గడి దానిని తీసివేయించినది. దేహబాధతో ఆమె పడియుండగా చిత్రము ముగియుటకు వచ్చును. అంతవరకు కరుణరసము స్థాయిలోనే నిలిపి ఉంచి, కన్నీటికి తొందరపెట్టని దర్శకుడు ఇచ్చటను మనకు ఎవరిపైనను రాయి విసరు సౌఖ్యమును ఈయడు. చూచుచుండుట తప్ప మనకు పనిలేదు. ఆ గడిలో ఎవ్వరును పనిచెప్పక ఆమె ముఖమును చూచినవారు లేరు; తెరకు ఈవలి మనము మొదటివారము.

కథాకాలమును లెక్కింపగా ఒక విషయము తోచుచున్నది. ఆ బిడ్డ పుట్టి పెరిగియుండినచో, కడవెండిలో జనులు కర్రలు పట్టి గడివైపు నడచిన దినమునకు ఇరువది యేండ్ల ప్రాయముననుండెడిది.